చదును దారి

టైలరమ్మ తన షాపు గుమ్మం దగ్గర ఆగిపోయింది. చేతిలో మడతపెట్టిన స్కూలు యూనిఫాం ఉంది. గుమ్మానికి అవతల దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పిల్ల తల్లి ఉంది. మధ్యలో ఉన్నది చాప పరిచేంత నేల. టైలరమ్మ నడుము పైభాగం ముందుకు వంగింది. మడమలు లేచాయి. వేళ్ళు చెప్పుల్లో బిగుసుకున్నాయి. మోకాళ్ళు ఇదిగో కదులుతున్నాం అన్నట్టు వణికాయి. అడుగు మాత్రం పడలేదు.

"రైట్, రైట్," అన్నాడు వెనకనుంచి ఆమె భర్త.

అతను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ఇప్పటికీ కండక్టరుగారనే పిలుస్తారు. ఆ మాటకు బస్సులు కదిలేవి. భార్య కదలకపోయేసరికి మోచెయ్యి పట్టుకుని లాగాడు. ఒళ్ళు వచ్చింది, పాదాలు రాలేదు. ఆమె తలుపు చెక్క పట్టుకుని నిలదొక్కుకుంది. యూనిఫాం కింద పడింది.

"అయ్యో, నేనే లోపలికొచ్చి తీసుకునేదాన్ని కదండీ," అని పిల్ల తల్లి వంగి తీసుకుంది.

"దాని కాళ్ళకి బుద్ధి పుట్టాలండీ," అన్నాడు కండక్టరు. "పుడితే ఎక్స్‌ప్రెస్సు. లేకపోతే షెడ్డులో బండి."

పిల్ల తల్లి నవ్వింది. టైలరమ్మకూ నవ్వొచ్చింది, ముఖం మీదికి రాలేదు. పార్కిన్సన్స్ అంటే చెయ్యి వణకడమే అనుకుంటారు అందరూ. అది ముఖాన్ని కదలనివ్వదని, గొంతును కిందికి దించేస్తుందని, నడుస్తున్న పాదాన్ని ఉన్నట్టుండి నేలకు అంటించేస్తుందని ఇంట్లో మనిషికి వస్తే గాని తెలీదు. 'లాగొద్దండీ, లాగితే ఇంకా బిగుసుకుంటాయి' అని చెప్పాలని ఆమె నోరు తెరిచింది. 'లా' అన్న శబ్దం బయటికొచ్చేసరికి అతను టీ చెప్పడానికి వీధిలోకి వెళ్ళిపోయాడు.

పాదాలు వాటంతటవే వదిలాక ఆమె వెనక్కి తిరిగి మిషను ముందు కూర్చుంది. కాలితో తొక్కే మిషను. మోటారు పెట్టించుకోమని కొడుకు వరసయ్యే మెకానిక్కు ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. గుమ్మం దగ్గర మొరాయించే ఆ కాలే తొక్కుడు పలక మీద పెడితే పైకీ కిందికీ ఆడుతూ పోతుంది. పొద్దున మాత్ర వేసుకున్నాక చెయ్యి నిలకడగా ఉండే వేళలో కత్తిరింపులు, ఆ తరవాత కుట్టు, చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టాక గుండీలు ఏరడం. ఆమె రోజు ఆ మాత్ర చుట్టూ తిరుగుతుంది.

మిషను దగ్గరినుంచి గుమ్మం దాకా ఆమె గుడ్డలమీద గీసే సుద్దతో నేలమీద అడ్డగీతలు గీసుకుంటూ ఉంటుంది. గీత కనబడితే పాదం దాన్ని దాటుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ షాపు తెరిచే ముందు కండక్టరు తడిగుడ్డతో ఆ గీతలన్నీ తుడిచేస్తాడు. "ఇది షాపా, తొక్కుడుబిళ్ళ ఆడుకునే చోటా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంటాడు. పరువు కోసం తుడుస్తాడు. అతను చేసే ప్రతి పనీ ఆమె మంచి కోసమే. దాంతో ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

టీ వచ్చింది. టీతోపాటు ఫోనూ వచ్చింది. కండక్టరు తీశాడు.

"ఆఁ, నా భార్యేనండీ. చెప్పండి. దానితో మాట్లాడాలా? నాతో చెప్పినా ఒకటే, చెప్పండి." విన్నాడు. టీ గ్లాసు కత్తిరింపుల బల్ల మీద పెట్టాడు, తడి వలయం పడుతుందని ఆమె రోజూ వద్దనే చోటే. "ఆహాఁ. అలాగా. అలాగా." ఫోను పెట్టేసి భార్యను చూశాడు. "ఏమోయ్, నిన్ను కొండెక్కిస్తారట. ఖర్చంతా వాళ్ళదేనట. తోడుగా నన్ను కూడా."

మెదడుకూ నరాలకూ జబ్బు చేసినవాళ్ళను కొండలకూ నదులకూ అడవులకూ తీసుకెళ్ళడానికి సాయం చేసే ట్రస్టు ఒకటుందని ఆమెకు చెప్పింది క్లినిక్కులో వ్యాయామాలు చేయించే అమ్మాయి. ఏం చేయాలనుందో అడిగితే టైలరమ్మ కొండ ఎక్కాలంది. ఏ కొండ అంటే, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు కనబడే కొండ. కండక్టరు సర్వీసంతా ఆ కొండ కిందిదాకా బస్సులో వెళ్ళి, టీ తాగి, తిరిగొచ్చినవాడే. పైకి ఒక్కనాడూ ఎక్కలేదు.

"ఊరికే ఎవరిస్తారే ఇలాంటివి?" అన్నాడు. "దీంట్లో ఏదో మడత పేచీ ఉంటుంది చూడు."

టైలరమ్మ మిషను కాస్త జోరందుకుంది.

*

ట్రస్టాయన మర్నాడే ఇంటికి వచ్చాడు. నెత్తిన టోపీ, భుజాన సంచీ, బూట్లకు ఎండిన మట్టి. బూట్లు బయట విప్పి లోపలికొచ్చి, కుర్చీలో అంచున కూర్చున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. కండక్టరుకు వెంటనే నచ్చాడు.

టైలరమ్మ వంటగదిలోంచి మంచినీళ్ళు తెచ్చింది. తెస్తూ తెస్తూ కర్టెన్ దగ్గర ఆగిపోయింది. గ్లాసులో నీళ్ళు అంచు దాటి చేతిమీదుగా కారాయి. ట్రస్టాయన చటుక్కున లేచి, ఎదురెళ్ళి, గ్లాసు అందుకున్నాడు. కండక్టరు మోచెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. ట్రస్టాయన నీళ్ళు పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, ఇంట్లో నడవడానికి ఎక్కువ ఇబ్బంది ఎక్కడ వస్తోంది?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. ఆమెకు దానికి జవాబు తెలుసు. ఊపిరి పీల్చుకుంది. "నేల..." అంది.

అతను ముందుకు వంగాడు.

"నేల మీద..." అంది.

"నేల మీదే ఇంత అవస్థ సార్," అన్నాడు కండక్టరు. "ఇక కొండ సంగతి వేరే చెప్పాలా?"

ట్రస్టాయన తలాడించాడు. ఆమె చెప్పబోయింది అది కాదు. నేల చదునుగా ఉంటేనే పాదం ఆగుతుందని, మెట్లుంటే ఆగదని, రాళ్ళయినా ఆగదేమోనని ఆమె చెప్పబోయింది. వాక్యంలో మొదటి మాట ఆమెది, మిగతాదంతా భర్తది అయిపోయింది. ఇద్దరిదీ కలిపి ట్రస్టాయన చెవిన పడింది.

"మీరు బాధపడొద్దమ్మా," అన్నాడతను. "మీకొచ్చిన సాయం ఎక్కడికీ పోదు. కొండకు బదులు దాని కిందున్న చెరువు చుట్టూ వెళ్దాం. సిమెంటు దారి వేశారు. అద్దంలా ఉంటుంది. అలిసిపోతే చక్రాల కుర్చీ కూడా వెంట ఉంటుంది. అక్కడినుంచి కొండ మొత్తం కనబడుతుంది."

"అదీ మాటంటే," అన్నాడు కండక్టరు. అతని గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

ఆ మర్నాడు షాపులో చొక్కా కాలరు తిప్పుతూ టైలరమ్మ అంది. "నేను చెప్పాలనుకున్నది... అది కాదు."

"మరేంటి?"

"చదును..."

"చదునే కదే ఇచ్చారు. ఆయన అన్నాడుగా, అద్దంలా ఉంటుందని." అతను ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాడు. "మంచి మనిషి. మనవాళ్ళయినా ఇంత ఆలోచించరు."

ఆమె మాట మింగేసి కాలరును సూదిమొనతో బయటికి తీసింది. మొన సరిగ్గా వచ్చింది. ఆ కొండ ఇక తనది కాదు. మేడ మీదినుంచి చూస్తే ఇదివరకు ఉన్నచోటే ఉంది, అంతే.

*

ట్రస్టు వ్యానులో వీళ్ళతోపాటు ఇంకో జంట వచ్చింది. ఆయన లెక్కల మాస్టారు. పక్షవాతం వచ్చి తగ్గింది కానీ కుడి కాలు ఈడుస్తాడు, మాటలు చాలావరకు పోయాయి. మిగిలిన మాట 'అంతే.' అవునన్నా అంతే, కాదన్నా అంతే, టీలో చక్కెర తక్కువైనా అంతే. ఏ అంతేకి ఏమర్థమో ఆయన భార్యకు తెలుసు. మనిషి భారీగా ఉంటుంది, నోట్లో మాట ఆగదు.

"ఈయనకి కొండ మీద మొదటి మలుపు దాకా వెళ్ళాలనుంది," అంది వ్యానులో. "అక్కడో ఊట ఉందట. అందులో కాళ్ళు పెట్టుకుంటాడట. మీరు?"

టైలరమ్మ నోరు తెరిచింది.

"మాది చెరువండీ," అన్నాడు కండక్టరు.

కొండ కింద విడిది గదుల్లో దిగారు. అక్కడ ట్రస్టు పెట్టిన గైడు అమ్మాయి అందరికీ బూట్లు ఇచ్చింది, కండక్టరుకు కూడా. టైలరమ్మకు బూట్లు తొడుగుతూ, "బిగుతుగా ఉందామ్మా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే ఇంకో జత తీయడానికి లేచింది. ఆ అమ్మాయికి కూడా తొందరే. కానీ రెండడుగులు వేసి వెనక్కి చూసింది. టైలరమ్మ పెదవులు ఇంకా కదులుతున్నాయి. మళ్ళీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"సరిపోయాయి," అంది టైలరమ్మ.

"సారీ అమ్మా, నేనే ఆగలేదు," అంది ఆ అమ్మాయి.

పొద్దున మాత్ర పడ్డాక చెరువు దగ్గరికి వెళ్ళారు. ట్రస్టాయన చెప్పింది నిజమే. దారి అద్దంలా ఉంది. గీత లేదు, అతుకు లేదు, గడ్డిపోచ లేదు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కంచె, ముందంతా తెల్లటి సిమెంటు.

టైలరమ్మ కొద్ది దూరం నడిచి ఆగిపోయింది.

"రైట్," అన్నాడు కండక్టరు మెల్లగా, వినబడకుండా. చుట్టూ మనుషులున్నారు. మోచెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె ఒక అడుగు తూలి, మళ్ళీ నడిచి, మళ్ళీ ఆగింది. పక్కనుంచి జాగింగ్ చేసేవాళ్ళు తప్పుకుని పోయారు. ఒకాయన ఆగి, "షుగరేమైనా తగ్గిందా అండీ?" అని అడిగాడు. కండక్టరు లేదని చెప్పి, సిగ్గుతో ఈసారి కాస్త గట్టిగా లాగాడు. ఆమె పడింది. మోకాలు సిమెంటుకు రాసుకుని రక్తం వచ్చింది.

అందరూ చుట్టూ చేరారు. ట్రస్టాయన చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. ఆమెను కూర్చోబెట్టి, కాళ్ళను పలక మీద సర్ది, బెల్టు పెట్టారు. కుర్చీ కదిలింది. చక్రాలు చప్పుడు చేయలేదు. కొండ ఎడమ పక్కనుంచి ముందుకొచ్చింది. ఆమె దాన్ని చూడలేదు. ఒళ్ళో ఉన్న చేతులను చూసుకుంది. కుడి చేతి బొటనవేలు చూపుడు వేలిని రుద్దుతూ ఉంది, దారం పురి పెడుతున్నట్టు.

కొంత దూరం పోయాక కండక్టరు కుర్చీకి బ్రేకు వేసి చెమట తుడుచుకున్నాడు. ట్రస్టాయన దగ్గరికి వెళ్ళి, "క్షమించండి సార్, దీనికోసం మీరింత తంటాలు పడ్డారు," అని చెప్పసాగాడు. మాస్టారూ భార్యా వెనక వస్తున్నారు. గైడు అమ్మాయి గట్టు దిగి నీటి అంచున సీసా నింపుతోంది.

గట్టుకూ నీటికీ మధ్య రాళ్ళు పోసి ఉన్నాయి. మట్టి కొట్టుకుపోకుండా పోసినవి. ఒక్కోటి మినపబస్తా అంత, కొన్ని చిన్నవి, ఒకదానిమీద ఒకటి, ఒక వరసంటూ లేకుండా. టైలరమ్మ మోకాలు చూసుకుంది. రక్తం మీద సిమెంటు పొడి అంటుకుని ఉంది. కడుక్కోవాలనిపించింది. బెల్టు తీసింది. గుండీలు తీసీ పెట్టీ బతికిన చెయ్యి, వణుకుతూ అయినా ఆ పని చేసింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మొదటి రాయి మీద పాదం పెట్టింది.

పాదం ఆ రాయి మీద దిగింది. ఇంకో పాదం పక్క రాయి మీద దిగింది. తరవాతది కిందున్నది, కాస్త ఏటవాలు. దానికి తగ్గట్టు మడమ తిరిగింది. చేతులు అవసరమైనప్పుడు పక్క రాయిని పట్టుకున్నాయి. ఆగలేదు. నీళ్ళ దాకా వెళ్ళి, కూర్చుని, దోసిలితో నీళ్ళు తీసి మోకాలు కడుక్కుంది.

గైడు అమ్మాయి సీసా పొంగిపోతున్నా చూస్తూ ఉండిపోయింది.

"ఏయ్, ఆగు," పైనుంచి కండక్టరు అరిచాడు. "ఆగు, నేనొస్తున్నా, కదలకు."

టైలరమ్మ లేచి తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళుగానో కదలమంటే ఆగిపోయిన మనిషి, ఆగమంటే ఆగలేదు. కండక్టరు ఎదురు దిగబోయి రెండో రాయి మీదే జారి కూలబడ్డాడు. ఆమె అతని పక్కనుంచి గట్టెక్కి నిలబడింది.

గైడు అమ్మాయి వెనకే వచ్చింది. "ఎలా వచ్చారమ్మా మీరు?"

"అదేంటంటే అమ్మాయ్, దానికి ఒక్కోసారి..." అని కండక్టరు కిందనుంచే మొదలుపెట్టాడు.

"మీరు ఆగరండీ అన్నయ్యగారూ," అంది మాస్టారి భార్య. "ఆవిణ్ణి చెప్పనివ్వండి. మా ఆయన్ని ఒక మాట అడిగి, నేను మేడమీదికెళ్ళి బట్టలు ఆరేసి వస్తాను. అప్పటికి జవాబు తయారుగా ఉంటుంది. మనం తొందరపడితే వాళ్ళేం చేస్తారు?"

"అంతే," అన్నాడు మాస్టారు.

అందరూ ఊరుకున్నారు. ట్రస్టాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చెరువు మీదినుంచి గాలి వీచింది. టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"చదునుగా ఉంటే," అంది. ఆగింది. ఎవరూ అందుకోలేదు. "కాలికి... ఎక్కడ దిగాలో తెలీదు." ఇంకోసారి ఊపిరి పీల్చుకుంది. "రాయుంటే దానిమీద దిగుతుంది. మెట్లూ అంతే. మా మేడ మెట్ల మీద... నేను ఎప్పుడూ ఆగలేదు. షాపులో సుద్దగీత గీసుకున్నా నడుస్తాను. ఆయన తుడిచేస్తారు."

కండక్టరు రాళ్ళ మధ్య కూర్చునే ఉన్నాడు. "అవును," అన్నాడు కాసేపటికి. "రోజూ మేడ మీదికెళ్ళి బట్టలు తెస్తుంది. నేను కిందే కూర్చుని పేపరు చదువుతుంటాను. ఎప్పుడూ..." ఆ వాక్యాన్ని అతను పూర్తి చేయలేదు. వేరెవరూ కూడా పూర్తి చేయలేదు.

ట్రస్టాయన పక్కకెళ్ళి, ఆమెను చూసే డాక్టరుకు ఫోను చేశాడు. చాలాసేపు విన్నాడు. తిరిగొచ్చి, "ఈ జబ్బులో చాలామందికి అలాగే ఉంటుందట," అన్నాడు. "మనం చెరువుకు మార్చిన సంగతి ఆయనకు తెలీదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదా అన్నాడు. నడుముకు తాడు, నెత్తిన హెల్మెట్, మాత్ర పనిచేసే వేళ దాటకుండా కిందికి దిగాలి. ఈ మూడూ ఉంటే ఎక్కవచ్చట." టోపీని వేళ్ళతో తిప్పాడు. "నేను కూడా మీకు సులువుగా ఉండాలనే అనుకున్నానమ్మా."

కొంతసేపు పట్టింది. "తెలుసు," అంది టైలరమ్మ.

*

కొండకు మెట్లు లేవు. జనం ఎక్కీ ఎక్కీ రాళ్ళమధ్య దారి పడింది. మాస్టారూ భార్యా ట్రస్టాయన చెయ్యి పట్టుకుని మొదటి మలుపు దాకా వచ్చారు. మాస్టారు ఊటలో కాళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, "అంతే," అన్నాడు. ఈ అంతేకి అర్థం చెప్పమని ఎవరూ భార్యను అడగలేదు. వాళ్ళు అక్కడే ఉండిపోయారు.

మిగిలిన ముగ్గురూ పైకి సాగారు. ముందు టైలరమ్మ, నడుముకు తాడు. తాడు కొస పట్టుకుని ఆమె వెనక గైడు అమ్మాయి. అందరికంటే వెనక కండక్టరు.

టైలరమ్మ రాయి చూసుకుని పాదం పెట్టేది. గుడ్డ మీద గీత గీసేముందు చూసుకున్నట్టు చూసుకునేది, పెట్టాక మళ్ళీ దిద్దేది కాదు. ఎత్తయిన రాయి వస్తే రెండు చేతులూ ఆనించి, మోకాలు పెట్టి, పైకి లేచేది. నిన్న గీరుకున్న మోకాలు నొప్పి పెట్టింది. అది కూడా బాగానే ఉంది. కొండెక్కితే వచ్చే నొప్పిలాగే ఉంది. వణుకుతున్న చెయ్యి రాయి పట్టుకుంటే వణకడం మానేది. తుమ్మపొదల వాసన, వేడెక్కిన రాతి వాసన, తన చెమట వాసన. ఎవరూ మాట్లాడకపోవడంతో ఆమె ఊపిరి ఆమెకే వినిపించింది.

"బాబాయ్, వస్తున్నారా?" అని గైడు అమ్మాయి కిందికి కేకేసింది.

"వస్తున్నా, వస్తున్నా. ఇదేం కొండమ్మా, బస్సులోంచి చూస్తే ఇంత లేదు." అతను ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళూ నిలబడి ఉద్యోగం చేసిన మోకాళ్ళు. "మీరు పదండి. నేను వెనకాల వచ్చే బండిలో వస్తా."

టైలరమ్మ ఆగి అతని కోసం చూసింది. అతను లేచేదాకా రాతికి ఆనుకుని నిలబడింది.

సగం దూరంలో ఒకచోట రాళ్ళు అయిపోయి మట్టి నేల వచ్చింది. మేకలు పడుకుని పడుకుని చదునైన నేల. టైలరమ్మ అక్కడ ఆగిపోయింది. కండక్టరు రొప్పుతూ వచ్చి, అలవాటుగా మోచేతి వైపు చెయ్యి చాపాడు.

"లా..." అంది ఆమె.

చెయ్యి గాలిలో ఆగింది.

"...గొద్దండీ," అంది ఆమె. "లాగితే ఇంకా బిగుసుకుంటాయి."

కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. గైడు అమ్మాయి తన చేతికర్రను ఆమె పాదాల ముందు అడ్డంగా నేలమీద పెట్టింది. టైలరమ్మ దాన్ని చూసింది, దాటింది, ఆ ఊపులో నేలంతా దాటేసి అవతల రాళ్ళ మీద పడింది.

"ఇంతేనా?" అన్నాడు కండక్టరు.

"ఇంతే బాబాయ్."

అతను వంగి కర్ర తీశాడు. "ఇది కాసేపు నాకిస్తావా అమ్మాయ్?"

"మీకు గీత దేనికి?"

"గీతకి కాదమ్మా, ఊతకి."

చివర్లో నిట్టనిలువు రాయి వచ్చింది. దానికి మనుషులు చెక్కిన గుంటలున్నాయి, కాలి వేళ్ళు పట్టేంత. గైడు అమ్మాయి తాడును మేకుకు తగిలించి, కింద నిలబడి, కొంచెం కొంచెంగా వదిలింది. టైలరమ్మ ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి పాదం మార్చుకుంటూ ఎక్కింది. పైఅంచు మీద రెండు చేతులూ పెట్టి, పొట్టను ఆనించి, ఒళ్ళంతా పైకి లాక్కుంది. లేచి నిలబడి, ఒక అడుగు వేసింది.

ఆగిపోయింది.

కొండ నెత్తి చదునుగా ఉంది. ఒకటే బండ, వానలకు అరిగి నున్నబడింది. చెరువు దగ్గరి సిమెంటు దీనిముందు దిగదుడుపే. కాస్త దూరంలో, అంచుకు ఇవతల, నడుమెత్తు గోడ కట్టి ఉంది. ఆ గోడ దగ్గరికి వెళ్తేనే అవతలిది కనబడుతుంది. ఇక్కడినుంచి కనబడేది ఆకాశమే. ఇంత రాయినీ ఎక్కొచ్చి షాపు గుమ్మం ముందు నిలబడ్డట్టు నిలబడాల్సి వచ్చింది. ఆమెకు నవ్వొచ్చింది. లోపలే నవ్వుకుంది.

కింద గీకుళ్ళు, రొప్పులు, "కాలు ఎక్కడ పెట్టనమ్మాయ్?" అన్న మాటలు వినిపించాయి. కండక్టరు పైకొచ్చాడు. ముందు కర్ర వచ్చింది, దొర్లి వెనక్కి జారి కిందికి పోయింది. తరవాత హెల్మెట్, తరవాత అతను. నాలుగు కాళ్ళ మీద కాసేపు ఉండి, లేచి, భార్య ఉన్నచోటికి వచ్చాడు. చూడగానే సంగతి తెలిసింది. కర్ర లేదు. ఇసుక మీదయితే వేలితో గీయవచ్చు, బండ మీద ఏం గీస్తాడు? రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

ఇంతకుముందెప్పుడూ అతను ఈ మాట అడగలేదు. ఆమె పెదవులు కదిలాయి. గాలి బలంగా ఉంది. అతను ఇంకా దగ్గరికొచ్చి చెవి వంచాడు. గైడు అమ్మాయి అంచు మీదికి తల పెట్టి, తాడు పట్టుకుని, అక్కడే ఉండిపోయింది.

"మీ..." అంది టైలరమ్మ.

"ఆఁ, నా..." అనబోయి అతను నోరు మూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గాలికో మరెందుకో. ఆగాడు. ఇంకా ఆగాడు.

"మీ బూటు లేసు," అంది. "ఊడిపోయింది. తొక్కి పడతారు."

కండక్టరు కిందికి చూశాడు. ఊడిపోయి, బండమీద బారుగా పడి ఉంది. "దీనికా ఇంతసేపు," అన్నాడు. అని, ఆమె ఎదురుగానే ఒక మోకాలి మీద కూర్చుని, రెండో కాలు పక్కకు చాపి, లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ముడి ఎలా వేయాలో తెలిసినట్టు లేదు. ఒకసారి వేశాడు, వదులైంది, విప్పాడు.

టైలరమ్మ చూపు అతని తలమీదినుంచి బూటు మీదికి దిగింది. మట్టి కొట్టుకుపోయి, ఆమె దారికి అడ్డంగా ఉంది.

ఆమె పాదం లేచింది. బూటును దాటింది. రెండోది దాని వెనకే దాటింది. ఆ తరవాతి అడుగులు వాటంతటవే పడ్డాయి, పొట్టివి, తొందరవి, గోడ దగ్గరికి చేరేదాకా. రెండు చేతులూ గోడమీద పెట్టి నిలబడింది. తాడు ఆమె వెనక బండమీద బారుగా సాగింది.

కండక్టరు లేసు చేత్తో పట్టుకుని తల తిప్పి చూశాడు. "చూశావా అమ్మాయ్," అన్నాడు. "నన్ను దాటుకుని వెళ్ళిపోయింది."

"మీరలాగే ఉండండి బాబాయ్," అంది గైడు అమ్మాయి పైకొస్తూ. "తిరిగొచ్చేటప్పుడు కూడా కావాలి మీ కాలు."

అతను నవ్వాడు. లేవలేదు. చాపిన కాలిని చాపినట్టే ఉంచాడు.

"ఏం కనిపిస్తోందే అవతల?" అని గట్టిగా అడిగాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. భుజాలు పైకి లేచాయి, ఊపిరి పీల్చుకుంటోంది. "వాన..." అంది.

కండక్టరు ఆకాశం చూశాడు. మబ్బు లేదు. చినుకు లేదు. వానేమిటే అని అనవచ్చు. అనలేదు. లేసును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"అక్కడ పడుతోంది," అంది ఆమె. "దూరంగా. చేలమీద. ఇటే వస్తోంది... మెల్లగా వస్తోంది."